దీపం మనది - చమురు ఎవరిది?

 

ఇంట్లో ఒక దీపం ఉంది. ప్రమిద మీదే. వత్తి మీదే. అగ్గిపెట్టె కూడా మీదే. కానీ చమురు లేకపోతే దీపం వెలగదు కదా! ఆ చమురు పక్క ఊరి షావుకారు దగ్గర మాత్రమే దొరుకుతుంది అనుకోండి. ఆయన చెప్పిందే ధర. ఆయన కొట్టు మూస్తే మీ ఇంట్లో చీకటి. అప్పుడు ఆ దీపం ఎవరిది? మీదా? షావుకారుదా?

ఇంటికి వచ్చే ఈ చిక్కు దేశానికీ వస్తుంది. ఒక చిన్న దేశానికి ఇలాంటి చిక్కే వచ్చింది. ఆ దేశం పేరు డెన్మార్క్. ఆ చిక్కు ఎలా వచ్చింది? అక్కడి జనం ఏం చేశారు? చిక్కు పూర్తిగా తీరిందా? ఈ రోజు చెప్పుకునే మాట అదే.

డెన్మార్క్ ఎలాంటి దేశం?

డెన్మార్క్ యూరప్ ఖండంలో ఉంది. ఉత్తరం దిక్కున ఉంది. చుట్టూ సముద్రమే. దక్షిణాన మాత్రం జర్మనీ దేశంతో నేల కలుస్తుంది. ఈ దేశంలో 400కు పైగా దీవులు ఉన్నాయి.

దేశం చాలా చిన్నది. తెలంగాణలో సగం కూడా ఉండదు. జనం సుమారు 60 లక్షలు. ఒక్క హైదరాబాదులోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు.

అక్కడ పెద్ద కొండలు లేవు. పెద్ద నదులు లేవు. కాబట్టి నాగార్జునసాగర్ లాగా ఆనకట్ట కట్టి కరెంటు తీయడానికి వీల్లేదు. బొగ్గు గనులూ లేవు. చలి మాత్రం బాగా ఉంది. చలికాలంలో మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఇంట్లో వేడి లేకపోతే బతకడం కష్టం. మనకు వంటకు మంట కావాలి. వాళ్ళకు వంటకూ కావాలి, ఒంటికీ కావాలి.

ఇంకొకటి కూడా వాళ్ళకు బాగా ఉంది. అది గాలి. సముద్రం మీంచి గాలి ఏడాది పొడుగునా వీస్తూనే ఉంటుంది. ఈ గాలి సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

1973లో కొట్టు మూతబడింది

1950 తర్వాత చమురు బాగా చవకైంది. నేల లోపలి నుంచి తీసే ముడి చమురు అది. దాని నుంచే పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వస్తాయి. అది ఎక్కువగా అరబ్బు దేశాల నుంచి ఓడల్లో వచ్చేది. డెన్మార్క్ జనం దానికి అలవాటు పడ్డారు. ఇళ్ళ వేడికి చమురు. కార్లకు చమురు. కరెంటు తయారీకీ చమురే. దేశానికి కావలసిన ఇంధనంలో నూటికి 90 వంతులకు పైగా బయట నుంచి కొన్న చమురే.

1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌కూ, ఈజిప్టు, సిరియా దేశాలకూ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు అమ్మకం తగ్గించాయి. కొన్ని దేశాలకు అసలే ఆపేశాయి. కొన్ని నెలల్లోనే చమురు ధర దాదాపు నాలుగింతలు అయింది.

ఆ యుద్ధం డెన్మార్క్ చేసింది కాదు. జరిగింది ఎక్కడో దూరాన. అయినా డెన్మార్క్‌లో ఇళ్ళు చల్లబడ్డాయి. దుకాణాల ముందు దీపాలు ఆర్పేశారు. 1973 నవంబరు 25 నుంచి ఆదివారాలు సొంత కార్లు నడపకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఆ ఆదివారాలు పెద్ద రోడ్లన్నీ ఖాళీ. జనం సైకిళ్ళ మీద పోయారు. నడిచి పోయారు. కొందరు గుర్రాల మీద పోయారు. పిల్లలు రోడ్ల మీద ఆడుకున్నారు.

పిల్లలకు అది సంబరం. పెద్దలకు మాత్రం ఒక సంగతి తెలిసొచ్చింది. తమ ఇంటి తాళంచెవి తమ దగ్గర లేదు. అది పరాయి వాళ్ళ బొడ్డున ఉంది.

తాళంచెవి తిరిగి తెచ్చుకోవాలి. ఎలా?

మొదటి పని: పొదుపు

ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వస్తే ఇల్లాలు ముందు ఏం చేస్తుంది? ఖర్చు చూస్తుంది. ఎక్కడ కారుతుందో చూస్తుంది. చిల్లు కుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవవు. ముందు చిల్లు మూయాలి.

డెన్మార్క్ కూడా అదే చేసింది. ఇళ్ళ గోడల సందుల నుంచి, కిటికీల నుంచి వేడి బయటికి పోయేది. గోడల్లో వేడిని ఆపే దూది లాంటి సరుకు నింపారు. కిటికీలకు రెండేసి అద్దాలు పెట్టారు. కొత్త ఇల్లు కడితే వేడి బయటికి పోకుండా కట్టాలని నియమం పెట్టారు. 1976లో దేశం మొత్తానికి ఇంధన ప్రణాళిక తయారు చేశారు. చమురు మీద, కరెంటు మీద పన్నులు వేశారు.

పన్నులు ఎవరికి ఇష్టం? జనం సణిగారు. చాలా ఏళ్ళు యూరప్‌లో కరెంటుకు ఎక్కువ ధర కట్టే వాళ్ళలో డెన్మార్క్ జనం ఉండేవారు. అందులో పన్ను భాగం చాలా ఉండేది. సొంత కాళ్ళ మీద నిలబడడం ఉత్తినే రాదు. దానికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు వాళ్ళు కట్టారు.

ఫలితం చూడండి. 1980 నాటికీ ఇప్పటికీ ఆ దేశం సంపాదన దాదాపు రెట్టింపు అయింది. కానీ వాడే ఇంధనం మాత్రం పెరగలేదు.

రెండో పని: పారబోసే వేడిని పట్టుకోవడం

కరెంటు ఎలా తయారవుతుంది? బొగ్గో, చమురో మండించి నీళ్ళు మరిగిస్తారు. ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ తర్వాత కూడా బోలెడు వేడి మిగులుతుంది. చాలా దేశాల్లో ఆ వేడిని నదిలోకో, సముద్రంలోకో వదిలేస్తారు.

అన్నం వార్చి గంజి పారబోయడం లాంటిదే ఇది. గంజిలో బలం ఉందని మీకు తెలుసు కదా!

డెన్మార్క్ ఆ గంజిని పారబోయలేదు. ఆ వేడి నీళ్ళను నేల కింద గొట్టాల ద్వారా ఇళ్ళకు పంపింది. ఊరంతటికీ ఒకే పొయ్యి అన్నమాట. ఇంటింటికీ వేరే చమురు పొయ్యి అక్కర్లేదు. కొన్ని పట్టణాల్లో ఇది ముందు నుంచే ఉంది. 1979లో దీని కోసం ఒక చట్టం చేశారు. ఏ వాడకు వేడి ఎక్కడి నుంచి రావాలో ఊరి పాలకవర్గమే ప్రణాళిక వేయాలి. ఇప్పుడు ఆ దేశంలో ప్రతి 3 ఇళ్ళలో సుమారు 2 ఇళ్ళకు ఇలా గొట్టాల ద్వారానే వేడి వస్తుంది.

మూడో పని: అందరూ కూర్చుని తేల్చుకోవడం

అప్పట్లో పెద్ద ఆఫీసర్లు, కరెంటు కంపెనీల వాళ్ళు ఒక మాట అన్నారు. "అణు కరెంటు కేంద్రాలు కడదాం. చమురు బెడద తీరుతుంది" అన్నారు.

జనంలో చాలామందికి అనుమానం వచ్చింది. ప్రమాదం జరిగితే ఏం చేయాలి? వాడేసిన అణు చెత్తను ఎక్కడ దాచాలి? 1974లో కొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. "తొందర పడొద్దు. మూడేళ్ళు ఆగండి. ముందు జనానికి సంగతులన్నీ చెప్పండి" అని అడిగారు.

ఊరూరా చర్చలు జరిగాయి. 1975లో అన్నె లుండ్ అనే యువతి ఒక బొమ్మ వేసింది. నవ్వే సూర్యుడి బొమ్మ అది. "అణు కరెంటా? వద్దండీ!" అని దాని చుట్టూ రాసి ఉంటుంది. ఆ బొమ్మ బిళ్ళలు జనం చొక్కాలకు పెట్టుకున్నారు. అది చాలా భాషల్లోకి, చాలా దేశాలకు పోయింది.

పదేళ్ళకు పైగా వాదన నడిచింది. చివరికి 1985 మార్చిలో ఆ దేశం పార్లమెంటు అణు కరెంటు వద్దని తీర్మానం చేసింది.

అణు కరెంటు కావాలన్న దేశాలూ ఉన్నాయి. ఫ్రాన్సు ఆ దారినే పోయింది. డెన్మార్క్‌లో కూడా 2025లో ఈ మాట మళ్ళీ పైకి వచ్చింది. కొత్త రకం చిన్న అణు కేంద్రాల సంగతి పరిశీలిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఏది మంచిది అన్నది వేరే వాదన. ఇక్కడ చూడవలసింది ఒకటి. మన పొయ్యిలోకి ఏం రావాలి అన్న మాట నలుగురు పెద్దలు తలుపులు వేసుకుని తేల్చలేదు. ఊళ్ళలో జనం చదివారు, అడిగారు, వాదించారు. అప్పుడే తేలింది.

నాలుగో పని: గాలికి పగ్గం వేయడం

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. ఈ కథ 1973లో మొదలు కాలేదు. ఇంకా చాలా ముందే మొదలైంది. మొదలైంది ఎక్కడో తెలుసా? ఒక పెద్దల బడిలో!

డెన్మార్క్‌లో 1844 నుంచే పల్లె జనం కోసం బడులు పెట్టారు. వాటిని జానపద పాఠశాలలు అనవచ్చు. రైతుల పిల్లలు, వయసు వచ్చిన వాళ్ళు అక్కడ చదివేవారు. పరీక్షలు లేవు. మార్కులు లేవు. బతుకుకు పనికి వచ్చే చదువు అది. ఆడవాళ్ళూ చదివారు.

ఆస్కోవ్ అనే ఊళ్ళో అలాంటి బడి ఒకటి ఉంది. అందులో పౌల్ ల కూర్ అనే పంతులుగారు పని చేసేవారు. అప్పటికి పట్టణాల్లో కరెంటు దీపాలు వస్తున్నాయి. పల్లెల్లో లేవు. పల్లె వాళ్ళకు మాత్రం వెలుగు అక్కర్లేదా అని ఆయన ఆలోచన. 1891లో ఆయన బడి దగ్గర ఒక గాలిమర కట్టించారు. పిండి విసరడానికి కాదు. కరెంటు తీయడానికి.

గాలి ఒకప్పుడు వీస్తుంది, ఒకప్పుడు ఆగుతుంది. ఆగినప్పుడు ఎలా? ఆయన ఆ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ అనే వాయువు తీశారు. దాన్ని నిలవ చేశారు. దానితో బడిలో దీపాలు వెలిగించారు. ఆ వాయువు ఒక్కోసారి పేలేది. బడి కిటికీ అద్దాలు పగిలేవి. అయినా ఆయన వదల్లేదు. 1904 నుంచి పల్లె కుర్రాళ్ళకు కరెంటు పని నేర్పించారు.

అలా నేర్చుకున్న వాళ్ళలో యోహానెస్ యూల్ అనే అబ్బాయి ఉన్నాడు. పెద్దయ్యాక ఆయన 1957లో గెడ్సర్ అనే ఊళ్ళో మూడు రెక్కల గాలిమర కట్టాడు. అది పదేళ్ళు చక్కగా తిరిగింది. ఆ తర్వాత 1967లో దాన్ని ఆపేశారు. ఎందుకు? చమురు చవకగా దొరుకుతోంది కదా! ఇక గాలి ఎందుకు అనుకున్నారు. చవక సరుకు వచ్చి సొంత సరుకును మూలకు నెట్టింది.

ఆరేళ్ళు తిరక్కుండానే 1973 వచ్చింది. అప్పుడు మూలన పడిన గాలిమర గుర్తొచ్చింది.

గుర్తు చేసుకున్నది ముందు ఎవరు? పెద్ద కంపెనీలు కాదు. క్రిస్టియన్ రీసాగర్ అనే వడ్రంగి తన పెరట్లో చిన్న గాలిమర కట్టుకున్నాడు. కమ్మరి పనివాళ్ళు కట్టారు. ఈనాడు ప్రపంచంలో పెద్ద గాలిమరల కంపెనీల్లో ఒకటి వెస్టాస్. దాని మూలం కూడా 1898లో లెమ్ అనే ఊళ్ళో ఒక కమ్మరి పెట్టిన కొలిమే.

ప్రభుత్వమూ చేయి కలిపింది. గాలిమరలను పరీక్షించే కేంద్రం 1978లో పెట్టింది. అక్కడ బాగుందని తేలిన గాలిమర కొంటే, 1979 నుంచి ఖర్చులో నూటికి 30 రూపాయల చొప్పున సాయం ఇచ్చింది. గాలిమరలు నిలదొక్కుకున్నాక ఆ సాయం తగ్గిస్తూ వచ్చింది. 1989లో ఆపేసింది.

గాలిమర ఒక్కరు కొనలేరు. పదిమంది కలిస్తే?

పొదుపు సంఘం సంగతి మీకు కొత్త కాదు. ఒక్కరి దగ్గర పెద్ద మొత్తం ఉండదు. పదిమంది కలిస్తే అవుతుంది. డెన్మార్క్ పల్లెల్లో కూడా జనం అలాగే చేశారు.

గాలిమరను వాటాలుగా విడగొట్టారు. ఏడాదికి 1000 యూనిట్ల కరెంటు ఇచ్చే భాగం ఒక వాటా. ఒక యూనిట్ అంటే ఎంత? 100 వాట్ల బల్బు 10 గంటలు వెలిగితే ఒక యూనిట్. ఒక్కో ఇల్లు కొన్ని వాటాలు కొనేది. సంఘం గాలిమర కొనేది. వచ్చిన కరెంటును కంపెనీకి అమ్మేది. డబ్బు వాటాల లెక్కన పంచుకునేవారు.

మొదట్లో ఒక నియమం ఉండేది. గాలిమరకు దగ్గర్లో ఉన్నవాళ్ళే వాటా కొనాలి. దూరాన ఉన్న ధనవంతుడు వచ్చి అన్నీ కొనేయడానికి లేదు. సుమారు 2000 సంవత్సరం నాటికి లక్ష కుటుంబాలకు ఇలా గాలిమరల్లో వాటాలు ఉన్నాయి.

మొదటిసారి సముద్రంలో గాలిమరలు నిలబెట్టింది కూడా డెన్మార్కే. 1991లో విండెబీ అనే చోట 11 గాలిమరలు నీళ్ళలో నిలబెట్టారు. 2023లో ఆ దేశం కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వచ్చింది.

సామ్సో దీవి మాట

సామ్సో అని ఒక చిన్న దీవి ఉంది. అప్పట్లో అక్కడ సుమారు 4,000 మంది ఉండేవారు. బంగాళాదుంపలు, కూరగాయలు పండించే రైతులు ఎక్కువ. దీవికి చమురు ఓడల్లో రావాలి. కరెంటు అవతలి నేల నుంచి తీగల ద్వారా రావాలి.

1997లో ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. సొంత గాలి, ఎండ, గడ్డి, కట్టెలతోనే బతకగలమని ఏ దీవి చూపిస్తుంది? పదేళ్ళలో చేసి చూపించాలి. ఆ పోటీలో సామ్సో నెగ్గింది.

నెగ్గింది కాగితం మీద. పని ఎవరు చేయాలి? మొదట జనం పెద్దగా కదలలేదు. "మాకేం లాభం?" అన్నారు. సోరెన్ హెర్మాన్‌సెన్ అనే ఆయన ఆ పనికి పూనుకున్నాడు. ఆయన ఆ దీవిలోనే పుట్టాడు. రైతు కొడుకు. పంతులుగా పని చేసినవాడు. సభలు పెట్టాడు. కాఫీలు ఇచ్చాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. కొళాయి పనివాళ్ళను, కరెంటు పనివాళ్ళను కూడా కలుపుకున్నాడు. ఇళ్ళలోకి పోయి పని చేసేది వాళ్ళే కదా!

మెల్లగా జనం కదిలారు. నేల మీద 11 గాలిమరలు నిలబెట్టారు. సముద్రంలో మరో 10 నిలబెట్టారు. నేల మీద వాటిలో ఎక్కువ రైతులవి. కొన్ని వాటాదారుల సంఘాలవి. సముద్రంలో వాటిలో 5 ఊరి పాలకవర్గానివి.

ఇళ్ళ వేడి సంగతి? పొలాల్లో గడ్డి ఉంది. కోతలు అయ్యాక గడ్డి మోపులు తెచ్చి ఊరి పెద్ద పొయ్యిలో మండించారు. ఆ వేడి నీళ్ళు గొట్టాల్లో ఇళ్ళకు పోయాయి. చమురుకు పోయే డబ్బు గడ్డి అమ్మిన రైతుకు పోయింది. డబ్బు దీవిలోనే తిరిగింది.

పదేళ్ళు తిరిగేసరికి లెక్క చూశారు. దీవి వాడే ఇంధనం కంటే దీవిలో తయారైనదే ఎక్కువ. కార్లు, పడవలు ఇంకా చమురే తాగుతున్నాయి. అది నిజం. కానీ ఆ చమురుకు సరిపడా కరెంటు దీవి బయటికి అమ్ముతోంది. ఇచ్చిపుచ్చుకునే లెక్కలో దీవికే మిగులు.

ఒక సంగతి గమనించండి. గాలిమర చప్పుడు చేస్తుంది. చూపుకు అడ్డం వస్తుంది. అది పరాయి కంపెనీది అయితే ఆ చప్పుడు చెవిలో పోరు పెడుతుంది. తమది అయితే? అది డబ్బు తెచ్చే చప్పుడు.

దేశంలో వేరే చోట్ల ఈ తేడా బాగా తెలిసింది. తర్వాత తర్వాత గాలిమరలు చాలా పెద్దవి అయ్యాయి. పెద్ద కంపెనీలు కట్టసాగాయి. ఊళ్ళ వాళ్ళు ఎదురు తిరిగారు. అప్పుడు 2008లో ఒక చట్టం చేశారు. కొత్త గాలిమరల్లో నూటికి 20 వాటాలు దగ్గరి జనానికి అమ్మజూపాలన్నారు. 2020లో ఆ నియమం తీసేశారు. పక్కన ఉండే వాళ్ళకు ఏటా కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. యజమాని కావడమూ, డబ్బు పుచ్చుకోవడమూ ఒకటేనా? ఆలోచించండి.

పని పూర్తి అయిందా?

ఇంత చేశాక డెన్మార్క్ పూర్తిగా సొంత కాళ్ళ మీద నిలబడిందా? నిజం చెప్పుకోవాలి. ఈ దారిలో ఎగుడు దిగుళ్ళు ఉన్నాయి.

చమురు మానేసిన కరెంటు కేంద్రాల్లో ముందు బొగ్గు పోశారు. ఆ బొగ్గూ బయటి దేశాలదే. ఒక షావుకారును వదిలి ఇంకో షావుకారు దగ్గరికి పోయినట్టు అయింది. ఆ బొగ్గు తగ్గించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఉత్తర సముద్రం అడుగున డెన్మార్క్ వాటాలో చమురు, గ్యాస్ దొరికాయి. వాటి వల్ల 1997లో దేశం తన ఇంధనం తానే తీసుకునే స్థితికి వచ్చింది. కానీ బావి అన్నాక అడుగంటుతుంది. 2004 తర్వాత చమురు తగ్గుతూ వచ్చింది. 2013 నుంచి మళ్ళీ కొంత బయట నుంచి కొనవలసి వచ్చింది. 2020లో ప్రభుత్వం ఇంకో నిర్ణయం చేసింది. కొత్త చమురు బావుల కోసం వెతకడం ఆపేస్తామంది. 2050 నాటికి తీయడమే మానేస్తామంది. ఎందుకంటే చమురు మండితే వచ్చే పొగ వల్ల భూమి వేడెక్కుతోంది.

2022లో మళ్ళీ ఒక దెబ్బ తగిలింది. రష్యా ఉక్రెయిన్ దేశం మీద యుద్ధానికి దిగింది. గ్యాస్ డబ్బు తమ రూబుళ్ళలోనే కట్టాలని రష్యా అడిగింది. డెన్మార్క్ కంపెనీ కట్టనంది. జూన్ 1న రష్యా కంపెనీ గ్యాస్ ఆపేసింది.

1973లో లాగా ఈసారి ఇళ్ళు చీకటి కాలేదు. ధరలు మాత్రం బాగా పెరిగాయి. జనం ఇబ్బంది పడ్డారు. అయినా నిలబడ్డారు. గాలి కరెంటు ఉంది. గొట్టాల వేడి ఉంది. ఇంకొకటి కూడా ఉంది. అది వింటే మీకు నవ్వొస్తుంది. అది పేడ గ్యాస్!

అవును, మన గోబర్ గ్యాసే. డెన్మార్క్‌లో పందులు, ఆవులు ఎక్కువ. వాటి పేడను పెద్ద పెద్ద తొట్లలో పులియబెట్టి గ్యాస్ తీస్తారు. శుభ్రం చేసి గొట్టాల్లోకి పంపుతారు. 2023లో ఆ దేశం గొట్టాల్లో వాడిన గ్యాస్‌లో మూడో వంతుకు పైగా ఇదే.

చేబదులు

మీలో ఒకరు అడగవచ్చు. "గాలి ఆగిపోతే ఏం చేస్తారు?" అని.

మంచి ప్రశ్న. బియ్యం నిండుకుంటే మీరేం చేస్తారు? పక్కింటి వదిన దగ్గర సోలెడు చేబదులు తెచ్చుకుంటారు. తర్వాత ఇచ్చేస్తారు. డెన్మార్క్ కూడా అదే చేస్తుంది. పక్కన నార్వే దేశం ఉంది. అక్కడ కొండలు, జలాశయాలు ఉన్నాయి. నీటి కరెంటు బాగా ఉంది. రెండు దేశాల మధ్య సముద్రం అడుగున 1970లలోనే తీగలు వేశారు. డెన్మార్క్‌లో గాలి బాగా వీస్తే కరెంటు నార్వేకు పోతుంది. నార్వే తన నీళ్ళు ఆదా చేసుకుంటుంది. గాలి ఆగితే నార్వే నీటి కరెంటు ఇటు వస్తుంది. స్వీడన్, జర్మనీ దేశాలతోనూ తీగలు ఉన్నాయి. 2023 చివర బ్రిటన్‌తో కూడా కలిపారు.

కాబట్టి సొంత కాళ్ళ మీద నిలబడడం అంటే తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా ఉండడం కాదు. చేబదులు వేరు. షావుకారు చేతిలో చిక్కడం వేరు. చేబదులులో ఇద్దరూ సమానం. ఇవాళ తీసుకున్నవాళ్ళు రేపు ఇవ్వగలరు.

మనకు ఇందులో ఏముంది?

"ఎక్కడి డెన్మార్క్? ఎక్కడి మన ఊరు?" అనుకోవద్దు. మన దేశం వాడే ముడి చమురులో చాలా భాగం బయట నుంచే వస్తుంది. వంటగ్యాస్‌లో సగానికి పైగా ఓడల్లో వచ్చేదే. ఎక్కడో యుద్ధం వస్తే బండ ధర ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు తెలిసింది కదా! అనంతపురం జిల్లా కొండల వైపు పోతే పెద్ద గాలిమరలు కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడు అడగండి. ఇది ఎవరిది? ఈ కరెంటు ఎక్కడికి పోతుంది? ఈ నేల వాళ్ళకు ఏం దక్కుతుంది?

అడగడానికి మాట కావాలి. లెక్క చూడడానికి చదువు కావాలి. డెన్మార్క్‌లో ఒక పంతులుగారు, ఒక వడ్రంగి, ఒక కమ్మరి, ఒక దీవి రైతులు ఈ పని మొదలు పెట్టారు. వాళ్ళ పెద్దలు పెద్దల బడిలో కూర్చుని చదువుకున్నవాళ్ళు. మీరూ ఇప్పుడు అలాంటి బడిలోనే కూర్చున్నారు.

ఈ వారం ఒక పని చేయండి. ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు తీయండి. ఎన్ని యూనిట్లు కాలాయో చదవండి. ఎంత డబ్బు కట్టారో చూడండి. పోయిన నెల బిల్లుతో పోల్చండి. గ్యాస్ బండ ఎన్ని రోజులు వచ్చిందో గోడ మీద కేలండర్లో గీత పెట్టండి. ఆ లెక్కలు తీసుకుని రండి. అందరూ కలిసి చదవండి. ఎక్కడ కారుతుందో, ఎక్కడ ఆపవచ్చో మీలో మీరే తేల్చుకోండి.